డైరీ: పాత కారు వైరింగు, కొత్త స్టీరియో

బండి, యూనిట్

1990ల చివరి హ్యాచ్‌బ్యాక్. డ్యాష్‌బోర్డులో సింగిల్ డిన్ (కారు స్టీరియోల ప్రామాణిక కొలత) రంధ్రం. ముందు డోర్లలో 13 సెంటీమీటర్ల స్పీకర్లు రెండు, వెనక పార్సెల్ ట్రేలో (వెనక సీటు వెనక ఉండే పలక) 6×9 అంగుళాల ఓవల్ స్పీకర్లు రెండు. ఉన్నది క్యాసెట్ ప్లేయర్. దాంట్లో రేడియో ఒక్కటే పలుకుతోంది, అదీ కుడివైపు మాత్రమే. పెట్టబోయేది బ్లూటూత్, యూఎస్‌బీ ఉన్న సింగిల్ డిన్ యూనిట్, సీడీ మెకానిజం లేనిది.

మెకానిజం లేనిది ఎంచుకోవడానికి కారణం లోతు. డిన్ కొలత ముఖానిది: 180×50 మి.మీ. కేజ్ (యూనిట్ కూర్చునే ఇనుప చట్రం) దూరడానికి డ్యాష్‌బోర్డులో ఉండాల్సిన రంధ్రం 182×53. లోతు మాత్రం యూనిట్‌కో రకంగా ఉంటుంది. సీడీ ఆడేవి 160 మి.మీ. అటూఇటూ, మెకానిజం లేనివి 100 దగ్గర. వెనక కప్లర్లకీ (వైర్లని కలిపే ప్లగ్గులు), యాంటెన్నా ప్లగ్గుకీ ఇంకో 40–50 మి.మీ. వదలాలి. ఈ రంధ్రంలో స్కేలు పెడితే హీటర్ డక్టు దాకా 170 వచ్చింది. అంటే సీడీ యూనిట్ పెడితే వైర్ల కట్ట డక్టుకీ యూనిట్‌కీ మధ్య నలుగుతుంది. కొనేముందు కొలవాల్సింది ఇదే. చాలామంది ముఖం కొలత చూసి ఆగిపోతారు.

ఇంకా పాత బండ్లయితే లెక్క వేరు. రెండు నాబులు, మధ్యలో డయల్ ఉండే రేడియోలున్న కార్లలో డిన్ యూనిట్ పెట్టాలంటే డ్యాష్‌బోర్డు కోయాలి. కోయకండి. అదే ఆకారంలో కొత్త యూనిట్లు దొరుకుతాయి, లేదంటే గ్లవ్ బాక్సులో దాచవచ్చు. 1960ల మధ్య దాకా వచ్చిన కార్లలో కొన్ని 6 వోల్టులవి. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ బాడీకి ఎర్తయి ఉంటుంది. ఇప్పటి యూనిట్‌ని ఈ రెంటికీ నేరుగా కలపలేం.

డబ్బా మీద రాసిన "4×50 వాట్లు" గురించి ఒక మాట. 14.4 వోల్టుల సరఫరా మీద 4 ఓమ్‌ల స్పీకర్‌కి ఇలాంటి యాంప్లిఫయర్ ఇవ్వగలిగిన శుభ్రమైన సైన్ వేవ్ పవర్, నష్టాలేవీ లెక్కలోకి తీసుకోకపోయినా, 26 వాట్లు దాటదు. వోల్టేజీ వర్గాన్ని 8తో భాగిస్తే వచ్చేది అది. 4తో భాగిస్తే 52 వస్తుంది. అది పూర్తిగా చదునైపోయిన స్క్వేర్ వేవ్ లెక్క, వినడానికి పనికొచ్చేది కాదు. నిజంగా అందేది ఛానెల్‌కి 17 నుంచి 22 వాట్లు. పాత పేపర్ కోన్ స్పీకర్లకి అది చాలు, కాబట్టి విడి యాంప్లిఫయర్ ఆలోచన ఇప్పటికి లేదు.

పాతది బయటికి

ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీయాలి. దానికంటే ముందు రెండు విషయాలు చూసుకోవాలి: పాత యూనిట్‌కి దొంగతనం అడ్డుకునే కోడ్ ఉందా, బండికి ఎయిర్‌బ్యాగ్ ఉందా. కోడ్ ఉన్న యూనిట్‌ని మళ్లీ వాడాలనుకుంటే ఆ అంకెలు చేతిలో ఉండాల్సిందే. ఎయిర్‌బ్యాగ్ ఉంటే బ్యాటరీ తీశాక కొన్ని నిమిషాలు ఆగాలి. పసుపు కప్లర్లున్న ఎయిర్‌బ్యాగ్ వైర్ల మీద మల్టీమీటరు గానీ టెస్ట్ లాంప్ గానీ పెట్టకూడదు.

యూనిట్ ముఖానికి రెండు పక్కలా నాలుగు చిన్న రంధ్రాలుంటే యు ఆకారపు కీలు రెండు దూర్చి, కొంచెం బయటికి విడదీస్తూ లాగాలి. రంధ్రాలు లేకపోతే చుట్టూ ఉన్న ట్రిమ్ ఊడదీయాలి. వెనక పక్కబ్రాకెట్లకి నాలుగు స్క్రూలుంటాయి. పాతికేళ్ల ప్లాస్టిక్ క్లిప్పులు చల్లగా ఉన్నప్పుడు లాగితే విరుగుతాయి. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి, స్క్రూడ్రైవర్ బదులు ప్లాస్టిక్ పట్టీ వాడితే గీతలు కూడా పడవు.

బయటికొచ్చాక కనబడింది అనుకున్నదే. కంపెనీ కప్లర్ కోసేశారు. వైర్లు మెలేసి ఇన్సులేషన్ టేపు చుట్టారు. వేడికి టేపు జిగురు కరిగి జారిపోయి, రెండు చోట్ల రాగి బయటపడింది. ఎప్పుడో తీసేసిన అలారం తాలూకు రెండు వైర్లు ఎక్కడికీ వెళ్లకుండా వేలాడుతున్నాయి. ఒకదానిలో 12 వోల్టులు ఉంది.

కంపెనీ కప్లర్ చెక్కుచెదరకుండా ఉన్న బండయితే ఇక్కడ డైరీ సగానికి తగ్గేది. ఆ మోడల్‌కి సరిపోయే అడాప్టర్ హార్నెస్ (ఆ కప్లర్‌లో దూరే వైర్ల కట్ట) ఒకటి తెచ్చి, కొత్త యూనిట్ వైర్లని దానికి బల్ల మీదే కలుపుకుని, బండిలో ఒక్క వైరూ కోయకుండా ముగించవచ్చు. యూరప్ కార్లలో కనబడే ఐఎస్ఓ (ప్రామాణిక) కప్లర్‌లో గోధుమ బ్లాకు స్పీకర్లకి, నలుపు బ్లాకు కరెంటుకి. నలుపు బ్లాకులో ఎ4 ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, ఎ7 తాళం తిప్పితే వచ్చేది, ఎ8 ఎర్తు. కొన్ని జర్మన్ కార్లలో ఎ4, ఎ7 తారుమారుగా ఉంటాయి. తాళం తీసిన ప్రతిసారీ గడియారం, స్టేషన్లు చెరిగిపోతున్నాయంటే మొదట చూడాల్సింది ఈ రెండు పిన్నులే. చాలా అడాప్టర్లలో పసుపు, ఎరుపు వైర్ల మధ్యలో బుల్లెట్ జాయింట్లు (లాగితే ఊడే గుండ్రటి కనెక్టర్లు) ఉండేది అందుకే. ఊడదీసి అడ్డంగా మార్చి కలిపితే చాలు.

వైర్ల గుర్తింపు

పని అంతా ఇక్కడే ఉంది. కొత్త యూనిట్ వైపు రంగులు దాదాపు అన్ని కంపెనీలకీ ఒకటే. పసుపు ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, ఎరుపు యాక్సెసరీ (తాళం తిప్పితే వచ్చేది), నలుపు ఎర్తు. నీలం యాంటెన్నాకి, నీలం మీద తెల్ల గీత యాంప్లిఫయర్‌కి, నారింజ లైట్లకి. స్పీకర్లలో తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల గీత ఉన్నది ఆ జతలో నెగెటివ్.

బండి వైపు రంగులకి వీటితో ఏ సంబంధమూ లేదు. జర్మన్ బండ్లలో ఎర్తు గోధుమ రంగు. కొన్ని బండ్లలో నలుపు వైరు తాళం తిప్పితే 12 వోల్టులిస్తుంది. నలుపుకి నలుపు కలిపి ఫ్యూజు కాల్చుకోవడం ఈ పనిలో అన్నిటికంటే మామూలుగా జరిగే తప్పు. పైగా ఇదివరకు ఎవరో చేయిపెట్టిన బండిలో కంపెనీ వైరింగ్ డయాగ్రమ్ కూడా సాక్ష్యం కాదు. చివరి మాట మీటరుదే.

మెలికలన్నీ విప్పి, ప్రతి వైరు కొసా వేరుచేసి, మాస్కింగ్ టేపు ముక్క మీద నంబరు రాశాం. కొసలు ఒకదానికొకటి తగలకుండా అట్టముక్కకి చేసిన రంధ్రాల్లో దూర్చి, బ్యాటరీ తిరిగి కలిపాం. మీటరు నల్ల ప్రోబు బాడీ మీద రంగు లేని ఇనుముకి, ఎర్ర ప్రోబు ఒక్కో వైరుకి. తాళం నాలుగు స్థితుల్లో, పార్కింగ్ లైట్లు వేసి, ఆర్పి చూశాక లెక్క తేలింది.

తాళం తీసినా 12.5 వోల్టులున్నవి రెండు. ఒకటి అసలు రేడియో ఫ్యూజు నుంచి వచ్చేది, రెండోది అలారం మిగులు. ఫ్యూజు బాక్సులో రేడియో ఫ్యూజు తీస్తే ఏది చచ్చిందో అదే మనది. రెండోదాన్ని మొదలు దాకా వెతికి అక్కడే విడదీయాలి. కొసకి టేపు చుట్టి వదిలేస్తే అది కరెంటు ఉన్న తీగే.

యాక్సెసరీ వైరుకి గుర్తు: తాళం మొదటి మెట్టులో 12 వోల్టులు, సెల్ఫ్ కొట్టినంతసేపూ సున్నా, ఇంజిన్ అందుకున్నాక మళ్లీ 12 పైన. సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా పూర్తి వోల్టేజీ నిలిచి ఉంటే అది ఇగ్నిషన్ వైరు కావచ్చు. ఇంజిన్ నడిపే సర్క్యూట్ అది, స్టీరియో దాని జోలికి పోకూడదు.

పార్కింగ్ లైట్లు వేస్తే మాత్రమే వోల్టేజీ వచ్చేది లైట్ల వైరు. డ్యాష్‌బోర్డు మీటర్ల వెలుగు తగ్గించే నాబు తిప్పితే మారుతోందంటే అది డిమ్మర్ మీదుగా వస్తోంది. కొన్ని జపాన్ కార్లలో డిమ్మర్ ఎర్తు వైపు ఉంటుంది. అక్కడ ఆ రెండో వైరుని ఎర్తనుకుని బాడీకి కలిపితే మీటర్ల లైట్లు నాబుకి లొంగవు. అనుమానం ఉంటే నారింజ వైరు అసలు కలపకుండా మూసేయండి. డిస్‌ప్లే రాత్రి కొంచెం ఎక్కువ వెలుగుతుంది, అంతే.

ఇక్కడితో ఆగితే పొరపాటు. డిజిటల్ మీటరు దాదాపు కరెంటే లాగదు. ఒకే ఒక్క పోగు మీద నిలిచిన తుప్పు జాయింట్ గుండా కూడా అది 12.5 చూపిస్తుంది. యూనిట్ వాల్యూమ్ పెంచగానే ఆ జాయింట్ చేతులెత్తేస్తుంది. అందుకే ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బు తీసుకుని పసుపు వైరుకీ ఎర్తు వైరుకీ మధ్య పెట్టాం. అది దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. అలా వెలుగుతుండగా పసుపు వైరు మీద వోల్టేజీ బ్యాటరీ కంటే 0.3 వోల్టుల లోపు తక్కువ ఉంటే ఫర్వాలేదు. ఇక్కడ 0.2 వచ్చింది. ఎర్తు వైరు కొసకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య 0.1 దాటకూడదు. వచ్చింది 0.9. పాత ఎర్తు డ్యాష్‌బోర్డు లోపలి ఇనుప పట్టీకి, రంగు మీదే స్క్రూ బిగించి ఉంది. దాన్ని వదిలేసి, 1.5 చదరపు మి.మీ. కొత్త వైరుతో కాళ్ల దగ్గరి బాడీ స్టడ్డుకి ఎర్తు తీశాం: రంగు గీకి, రింగ్ లగ్గు వేసి, పళ్ల వాషర్‌తో బిగించి, పైన గ్రీజు పూత. మళ్లీ బల్బు పెడితే 0.04.

స్పీకర్ల వైపు

వోల్టేజీ ఏమీ లేని వైర్లు ఎనిమిది మిగిలాయి. ఓమ్ మీటరుతో జతలు కట్టాలి. 4 ఓమ్‌ల స్పీకర్ మీటరు మీద 3.2 నుంచి 3.8 మధ్య చూపిస్తుంది. సున్నాకి దగ్గరగా ఉంటే ఎక్కడో షార్టు, ఏమీ రాకపోతే కాయిల్ గానీ వైరు గానీ తెగింది.

మూడు జతలు 3.4–3.6 ఇచ్చాయి. ముందు ఎడమది డోరు మూసి ఉంటే 3.5, తెరిస్తే ఏమీ లేదు. వైరు తెగేది దాదాపు ఎప్పుడూ డోరుకీ పిల్లర్‌కీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలోనే, అక్కడే వంగుతుంది కాబట్టి. డోర్ ప్యాడ్ తీసి, ఆ గొట్టం మొత్తానికి కొత్త వైరు లాగాం. 0.75 చదరపు మి.మీ., పోగులు సన్నవి. అతుకు గొట్టంలో పడకూడదు, డోరు లోపలో డ్యాష్‌బోర్డు కిందో పడాలి.

తర్వాత ప్రతి స్పీకర్ వైరుకీ బాడీకీ మధ్య ఓమ్‌లు. ఎనిమిదింటిలో ఏదీ బాడీకి తగలకూడదు. ఇప్పటి యూనిట్లలో స్పీకర్ నెగెటివ్ అనేది ఎర్తు కాదు. ప్లస్, మైనస్ రెండూ యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌లే. మాటాపలుకూ లేనప్పుడు కూడా ఒక్కోదాని మీద సరఫరాలో సగం, 6–7 వోల్టులు ఉంటుంది. బాడీకి తగిలితే అవుట్‌పుట్ ఐసీ కాలిపోవచ్చు. మంచి యూనిట్ అయితే ప్రొటెక్షన్‌లోకి పోయి మూగబోతుంది. పాత కార్లలో రెండు స్పీకర్లకి కలిపి మూడే వైర్లు కనబడితే, లేదా స్పీకర్ ఒక కొస బాడీకి స్క్రూ చేసి ఉంటే, అది ఉమ్మడి ఎర్తు పద్ధతి. అక్కడ అడాప్టర్ వెతకడం దండగ, స్పీకర్‌కి రెండేసి కొత్త వైర్లు లాగడమే.

ఏది ఏ స్పీకరో, ఏది ప్లస్సో తేల్చడానికి 1.5 వోల్టుల పెన్ సెల్ ఒకటి చాలు. జతకి క్షణం పాటు తాకిస్తే టక్కుమంటుంది. సెల్ ప్లస్ తాకిన వైరు స్పీకర్ ప్లస్ అయితే కోన్ బయటికి కదులుతుంది. ట్రేలో ఒక ఓవల్ లోపలికి కదిలింది. వెనక ఇన్నాళ్లూ బాస్ లేదనిపించడానికి అది చాలు: ఒకటి బయటికి తోస్తుంటే రెండోది లోపలికి పీలుస్తుంది, కింది స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. స్పీకర్ దగ్గర ట్యాబులు తారుమారు చేశాం.

జాయింట్లు

టంకమా, క్రింపా (కనెక్టర్‌లో వైరుని నొక్కి బిగించడం) అన్న వాదనకి అంతుండదు. బండిలో క్రింపుకే ఓటు. టంకం పోగుల్లోకి పాకి ఆ భాగాన్ని బిరుసు చేస్తుంది, అదురుకి సరిగ్గా బిరుసు ముగిసే చోట వైరు తెగుతుంది. కట్టని దగ్గర్లోనే దేనికైనా గట్టిగా కట్టేస్తే టంకమూ నిలుస్తుంది.

ఎర్ర స్లీవు బట్ కనెక్టర్లు (రెండు వైర్ల కొసలు ఎదురెదురుగా దూర్చే గొట్టాలు) 0.5 నుంచి 1.5 చదరపు మి.మీ. వైర్లకి సరిపోతాయి. 6–7 మి.మీ. ఒలిచి, పోగులు తెగకుండా దూర్చి, రాచెట్ క్రింపర్‌తో నొక్కి, చేత్తో గట్టిగా లాగి చూడాలి. కటింగ్ ప్లయర్‌తో నొక్కినవి ఈ లాగుడుకి ఊడొస్తాయి. అన్ని జాయింట్లూ ఒకే చోట పడితే ముద్దయి రంధ్రంలో పట్టదు. ఒక్కోటి రెండు మూడు సెంటీమీటర్లు ముందువెనకలుగా కోసుకోవాలి. కట్ట మొత్తానికి గుడ్డ టేపు. ప్లాస్టిక్ డ్యాష్‌బోర్డుకి తగిలినా అది గలగలలాడదు, ఎండకి జిగురు కారదు.

వాడని వైర్ల కొసలు ఒక్కోటీ విడిగా మూయాలి. నీలం వైరు ఆన్‌లో ఉన్నప్పుడు 12 వోల్టులిస్తుంది, కానీ దాని సామర్థ్యం మామూలుగా 300 నుంచి 500 మిల్లీఆంపియర్లే. దాని మీద మోటారు గానీ ఫ్యాను గానీ నడపకూడదు, రిలేకి (కరెంటుతో పనిచేసే స్విచ్చు) సంకేతంగా మాత్రమే.

యాంటెన్నా

కడ్డీ కొస నుంచి ప్లగ్గు మధ్య పిన్ను దాకా కంటిన్యుటీ (తెగకుండా కలిసి ఉండటం) ఉండాలి, పిన్నుకీ బయటి చుట్టుకీ మధ్య ఉండకూడదు. యాంటెన్నాలో బూస్టర్ ఉంటే ఈ పరీక్ష వర్తించదు. దానికి నీలం వైరు నుంచి 12 వోల్టులు ఇవ్వాలి, ఇవ్వకపోతే దగ్గరి స్టేషన్లు తప్ప మరేవీ రావు. ఇక్కడిది మామూలు కడ్డీ. పైకప్పు దగ్గర దాని పునాది కింద పట్టిన తుప్పు గీకి బిగించాం.

మొదటి ఆన్

రేడియో ఫ్యూజు తీసి, దాని చోట అదే 21 వాట్ల బల్బుని రెండు వైర్లతో పెట్టాం. ఎక్కడైనా షార్టుంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, అంతకుమించి ఏమీ కాలదు. యూనిట్ ఆన్ చేసి వాల్యూమ్ తక్కువ పెడితే బల్బు మసకగా ఎర్రబడింది. అంతే ఉండాలి. అప్పుడు 10 ఆంపియర్ల ఫ్యూజు తిరిగి వేశాం. యూనిట్ వెనకదీ 10దే. ఫ్యూజు పోతోందని 15 వేయడం కారణాన్ని వైరింగులోకి నెట్టడమే.

బ్యాలెన్స్, ఫేడర్ ఒక్కో మూలకి తిప్పి నాలుగు స్పీకర్లూ వాటి చోట్లలోనే పలుకుతున్నాయో లేదో చూడాలి. కేజ్ బిగించాక తెలిస్తే అంతా మళ్లీ మొదటికొస్తుంది.

శబ్దం

ఇంజిన్ ఆన్ చేస్తే సన్నటి ఈల. యాక్సిలరేటర్ తొక్కితే పెరుగుతోంది. వాల్యూమ్ సున్నా చేస్తే పోతోందా లేదా అన్నది మొదటి ప్రశ్న. సున్నాలోనూ ఉంటే సరఫరా వైపు నుంచో స్పీకర్ వైర్ల నుంచో వస్తోంది. సున్నాలో పోతే లోపలికొచ్చే సిగ్నల్‌తో వస్తోంది. ఇక్కడ పోతోంది. ఎఫ్ఎమ్‌లో లేదు, బ్లూటూత్‌లో లేదు, ఛార్జర్‌కి పెట్టిన ఫోన్‌ని ఆక్స్ కేబుల్‌తో కలిపినప్పుడే ఉంది. ఛార్జర్ ఎర్తూ స్టీరియో ఎర్తూ ఆక్స్ కేబుల్ చుట్టు ద్వారా గొలుసవడం అది. ఆక్స్ లైనులో ఐసొలేటర్ (రెండు ఎర్తుల్ని విడదీసే పరికరం) పెడితే పోతుంది, బ్లూటూత్ వాడుకుంటే అదీ అక్కర్లేదు.

ఎఫ్ఎమ్‌లో మాత్రమే బుస్సుమంటే, సిగరెట్ లైటర్ సాకెట్లోంచి యూఎస్‌బీ ఛార్జర్ పీకి చూడండి. నాసిరకం ఛార్జర్లు ఎఫ్ఎమ్ బ్యాండు నిండా రొద చిమ్ముతాయి. ఈలకి బదులు ఇంజిన్ వేగంతో టిక్కుటిక్కుమంటే ప్లగ్గు వైర్ల వైపు చూడాలి. అన్నింట్లోనూ ఈల ఉంటే బ్యాటరీ మీద ఏసీ వోల్టేజీ కొలవాలి. ఇంజిన్ నడుస్తుండగా అర వోల్టు దాటితే ఆల్టర్నేటర్ డయోడు అనుమానం.

బిగింపు

కేజ్ నాలుకలు రంధ్రం అంచుకి గట్టిగా ఆనేలా వంచాం. యూనిట్ వెనక 5 మి.మీ. స్టడ్డుకి చిల్లుల పట్టీ కట్టి లోపలి ఇనుముకి బిగించాం. ఇది లేకపోతే గతుకుల్లో యూనిట్ బరువంతా ముందు అంచు మీదే పడి, ట్రిమ్ పగులుతుంది. పక్కబ్రాకెట్ల బండ్లలో యూనిట్‌తో వచ్చిన పొట్టి స్క్రూలే వాడాలి, పొడుగువి లోపలి బోర్డుని తాకుతాయి. వైర్ల కట్ట హీటర్ లీవర్లకీ స్టీరింగ్ కాలమ్‌కీ తగలకుండా పక్కకి కట్టాం. బ్లూటూత్ కాల్స్ మైక్ స్టీరింగ్ కాలమ్ మీద, ఏసీ గాలి నేరుగా తగలని చోట.

బ్యాటరీ మీద భారం

తాళం తీసి, తలుపులు మూసి, మీటరుని 10 ఆంపియర్ల సాకెట్‌కి మార్చి బ్యాటరీ నెగెటివ్‌కీ దాని కేబుల్‌కీ మధ్యలో పెట్టాలి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు. వచ్చింది 18 మిల్లీఆంపియర్లు. 50 లోపు ఉంటే దిగులు లేదు. 50 అంటే రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు, 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో పది రోజులకి పాతిక శాతం పైనే. పసుపు, ఎరుపు రెండూ కలిపేసి ఎప్పుడూ ఉండే వైరుకి ఇచ్చిన బండ్లలో, యూనిట్ ఆపడం మరిచిపోతే ఇది ఆంపియర్ దాకా పోతుంది. వారం దాకా అక్కర్లేదు, రెండో రోజుకే సెల్ఫ్ తిరగదు.

మిగిలినవి: వెనక కుడి ఓవల్ అంచు స్పాంజి పొడిపొడిగా రాలుతోంది, స్పీకర్ మార్చాలి. లోతు కొలతలో ట్రే కిందికి 80 మి.మీ. ఉంది, బూట్ తలుపు టార్షన్ కడ్డీలు అడ్డం వస్తున్నాయి కాబట్టి మాగ్నెట్ వ్యాసం కూడా చూసి కొనాలి. ముందు డోర్లలో స్పీకర్ వెనక నీళ్ల ప్లాస్టిక్ షీటు చిరిగి ఉంది, ప్యాడ్ శాశ్వతంగా మూసేముందు అది బ్యూటైల్ టేపుతో అతికించాలి.